పొట్టి కోడికి పుట్టుకలెన్నో

ఖిలా వరంగల్ చూడటానికి వచ్చినవాళ్లు కీర్తి తోరణాల దగ్గర ఫొటోలు దిగి, ఖుష్ మహల్ ఎక్కి దిగి వెళ్లిపోతారు. రాతికోట గోడల నడుమ ఇప్పటికీ ఊరుందని, ఇళ్లూ పొలాలూ ఉన్నాయని చాలామంది గమనించరు. ఊరున్నచోట కోళ్లుంటాయి. పొద్దున గంప ఎత్తగానే పెంటకుప్ప మీదికి పరుగెత్తి, పగలంతా రాళ్ల సందుల్లో పురుగూ పుట్రా ఏరుకుని, పొద్దుగూకేసరికి చింతచెట్టు కొమ్మెక్కే కోళ్లు. ఆ పెట్టను తూకానికి పెడితే కిలో నుంచి కిలోన్నర తూగుతుంది. పందేనికి మేపిన అసీలు పుంజయితే నాలుగైదు కిలోలు. పట్నంలో రంగుల చేపలు, చిలుకలు అమ్మే దుకాణాల పంజరాల్లో కనిపించే బాంటం కోడి అర కిలో, మహా అయితే ముప్పావు కిలో. మూడూ ఒకే జాతి. మూడూ జతకడతాయి, పిల్లల్ని చేస్తాయి. మరి కోడికి అసలు కొలత ఏది?

ఈ ప్రశ్నకు జవాబు అడవిలో ఉంది. మన పెంపుడు కోడికి ప్రధాన పూర్వీకురాలు ఎర్ర అడవికోడి. అడవిలో దాని పుంజు సుమారు కిలో తూగుతుంది, పెట్ట అంతకన్నా తక్కువ. అంటే పంజరంలోని బాంటం కన్నా కాస్త పెద్దది, కోటలోని నాటుకోడి కన్నా కాస్త చిన్నది. పందెంకోడితో, బాయిలర్‌తో పోల్చి చూస్తాం కాబట్టి బాంటం మనకు మరుగుజ్జులా కనిపిస్తుంది. అడవికోడి పక్కన నిలబెడితే దానిలో అంత వింతేమీ లేదు. ప్రకృతి ఇచ్చిన కొలత నుంచి ఎక్కువ దూరం జరిగింది అసీలు. దాన్ని అంత దూరం జరిపింది మనుషులు.

అడవికోడి ఇంటికోడి ఎక్కడయిందన్నది చాలాకాలం తగవుగానే ఉండింది. 2020లో 863 కోళ్ల జన్యుపటాలను పోల్చిచూసిన శాస్త్రవేత్తలు నైరుతి చైనా, ఉత్తర థాయ్‌లాండ్, మయన్మార్ ప్రాంతాల్లో తిరిగే ఎర్ర అడవికోడి ఉపజాతి వైపు వేలు చూపారు. 2022లో అచ్చయిన మరో పరిశోధన తవ్వకాల్లో దొరికిన ఎముకలను ఆసరా చేసుకుంది. మధ్య థాయ్‌లాండ్‌లోని బాన్ నోన్ వాట్ అనే చోట క్రీస్తుపూర్వం 1650–1250 నడుమ మనుషుల దగ్గర కోళ్లున్నాయని తేల్చింది. వరి, చిరుధాన్యాలు పండించడం మొదలయ్యాక రాలిన గింజల కోసం అడవికోళ్లు చేలల్లోకి దిగాయని, అలా మనిషికి దగ్గరయ్యాయని ఆ పరిశోధకుల అభిప్రాయం. నూర్పిడయిన కళ్లంలో కోళ్లను చూసినవాళ్లెవరికీ ఈ మాట నమ్మడం కష్టం కాదు.

మన నేలకూ ఈ కథలో వాటా ఉంది. దక్షిణ భారతంలో బూడిదరంగు అడవికోడి అని మరో జాతి ఉంది. ఎర్ర అడవికోడి ఉత్తరాన, ఇది దక్షిణాన. రెండింటి హద్దులూ కలిసేది గోదావరి పరిసరాల్లో. కోళ్లన్నిటికీ ఎర్ర అడవికోడి ఒక్కటే మూలమని డార్విన్ 1868లో రాశాడు. చాలావరకు అది నిజం. అయితే పెంపుడు కోళ్లలో విరివిగా కనిపించే పసుపు చర్మం, పసుపు కాళ్లు ఎర్ర అడవికోడివి కావని 2008లో జన్యుపరీక్షలు చూపాయి. ఆ లక్షణం బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చింది. కొట్టులో వేలాడదీసిన కోడి కాలు పచ్చగా కనిపిస్తే, అందులో దక్షిణాది అడవి రక్తపు తునక ఉందన్నమాట.

డార్విన్‌కు పక్షుల చర్మాలు పంపినవాళ్లలో తెలుగు జిల్లాలు బాగా తెలిసిన మనిషి ఒకడున్నాడు. ఉత్తర సర్కారులకు కమిషనర్‌గా పనిచేసి, 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు జరిపించిన వాల్టర్ ఇలియట్. అతను భారతదేశం నుంచి పంపిన పావురాల చర్మాలకు 1859 నాటి ‘జాతుల పుట్టుక’లో డార్విన్ పేరుపెట్టి కృతజ్ఞత చెప్పుకున్నాడు. పెంపుడు పక్షుల్లో మనిషి తెచ్చిన మార్పులే డార్విన్ వాదానికి మొదటి మెట్టు. ఆ మెట్టు కట్టడానికి మన తీరం నుంచి కూడా రాయి వెళ్లిందని చదివినప్పుడల్లా నాకు సంతోషం కలుగుతుంది.

ఇక ఓరుగల్లు సంగతి. వినుకొండ వల్లభరాయడి పేరుమీద ఉన్న ‘క్రీడాభిరామము’లో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు కాకతీయుల రాజధానిలో తిరుగుతూ చూసిన వింతల్లో కోడిపందెం ఒకటి. పొట్టేళ్ల పోరు మరొకటి. ఇప్పుడు మనం టికెట్ కొని చూసే కోట లోపల, వెలుపల ఉన్న నగరమే అది. పలనాటి వీరగాథలో రాజ్యం పోయింది కోడిపందెంలోనే. అంతకన్నా ముందటి సాక్ష్యం దండి సంస్కృతంలో రాసిన దశకుమార చరిత్ర. అందులో నారికేళమని, బలాకమని రెండు కోడిజాతులు పందేనికి దిగుతాయి. వాటి బలంలో, కొలతలో తేడా ఉంటే జోడీ ఎలా కట్టారని ఒక పాత్రకు నవ్వొస్తుంది. 13వ శతాబ్దిలో కేతన ఆ కావ్యాన్ని తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు. మనవాళ్లు కోడిని కొలతను బట్టి, జాతిని బట్టి వేరు చేసి చూడటం ఇంత పాతదన్నమాట.

అయితే ఆ చూపంతా పెద్దతనం వైపే. పందేనికి ఎత్తు కావాలి, మెడబలం కావాలి, కాలి ఎముక మందంగా ఉండాలి, దెబ్బ తిన్నా వెనక్కి తగ్గని మొండితనం కావాలి. గెలిచిన పుంజును పెట్టల మీదికి వదిలారు, ఓడింది కూరయింది. తరాల తరబడి ఇది సాగితే వచ్చేది అసీలు. డేగ, కాకి, నెమలి, పర్ల, సేతు, పింగళ అంటూ ఈక రంగును బట్టి పేర్లు పెట్టి, ఏ రంగు పుంజును ఏ రోజు ఏ రంగు మీద దింపాలో కుక్కుట శాస్త్రం రాసుకున్న సమాజం మనది. రంగుకూ గెలుపుకూ సంబంధముందని నేను నమ్మను. కానీ అంత నిశితంగా ఈకలు చూసిన కళ్లను తక్కువ చేయను. ఎంపిక చేసి జాతిని నిలపడానికి కావలసింది ఆ కళ్లే. మనవాళ్లు ఆ నేర్పును పొట్టి కోడి మీద పెట్టలేదు, అంతే.

ఆ పెద్దతనం ఎక్కడిదాకా పోయిందో చూడండి. 19వ శతాబ్దిలో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ పెంపకందార్లు అసీలును, మలే కోడిని, తమ దేశపు పందెంకోడిని కలిపి ఇండియన్ గేమ్ అనే జాతి తయారుచేశారు. దానికే కార్నిష్ అని పేరు. పందేనికి అది పనికిరాలేదు గానీ ఛాతీ మాంసం విపరీతంగా పట్టింది. కార్నిష్‌నూ తెల్ల ప్లిమత్ రాక్‌నూ కలిపిన సంకరం నుంచే నేటి బాయిలర్ వచ్చింది. ఆదివారం వరంగల్‌లో ఏ చికెన్ సెంటర్ ముందు క్యూ కట్టినా, ఆ కోడి రొమ్ములో అసీలు వంశపు ముక్క ఉంది. అదే ఇండియన్ గేమ్‌ను 19వ శతాబ్ది చివరికి ఇంగ్లండ్‌లోనే మళ్లీ కుదించి పొట్టి రకం కూడా చేశారు. ఒకే రక్తాన్ని రెండు కొసలకూ లాగారు.

పొట్టి కోడి ప్రపంచానికి పరిచయమైన రేవుకూ మనకూ చుట్టరికముంది. జావా దీవి పడమటి కొసన బాంటెన్ అనే రేవుండేది. మిరియాల కోసం వెళ్లిన యూరోపు ఓడలవాళ్లు తిరుగు ప్రయాణంలో తిండికి బతికున్న కోళ్లను అక్కడ ఎక్కించుకునేవాళ్లు. ఆ చిన్న కోళ్లకు ఆ రేవు పేరే బాంటంగా నిలిచింది. ఆ పేరుతో చెలామణీ అయినవన్నీ జావా కోళ్లు కావు; తరవాత చైనావి, జపానువి, చివరికి ఇంగ్లండులో తయారైనవి కూడా అదే పేరు కిందికి వచ్చాయి. ఇంగ్లీషువాళ్లకు బాంటెన్‌లో మిరియాలు కొనాలంటే వెండికన్నా బట్ట ఎక్కువ పనికొచ్చేది. ఆ బట్ట దొరికేది కోరమాండల్ తీరంలో. 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ పెద్దపల్లి రేవుకూ (నేటి నిజాంపట్నం) మచిలీపట్నానికీ వచ్చి, బట్టల వ్యాపారానికి మనుషుల్ని దించి, తరవాత బాంటెన్ చేరింది. కొన్నేళ్లపాటు మచిలీపట్నం కొఠీ బాంటెన్ అధికారుల చేతికిందే నడిచింది. మన అద్దకం బట్ట అటు వెళ్లింది, అటునుంచి మిరియాలు పోయాయి, వాటితో పాటే పొట్టి కోళ్లు యూరోపు పెరట్లకు చేరాయి.

ఇంకా వెనక్కి వెళితే కాకతీయుల రేవే ఉంది. విదేశీ వర్తకులకు అభయమిస్తూ గణపతిదేవుడు మోటుపల్లిలో 1244 ప్రాంతంలో శాసనం వేయించాడు. చందనం, కర్పూరం, ముత్యాలు, పట్టు, మిరియాలు వంటి సరుకుల మీద సుంకాలెంతో అందులో ఉంది. కోళ్ల మాట లేదు. ఆ మోటుపల్లి గురించి, దాన్ని ఏలే రాణి గురించి రాసిన మార్కో పోలోయే చైనాలోని ఫుజియన్ ప్రాంతం గురించి చెబుతూ, ఈకలకు బదులు పిల్లి బొచ్చులాంటిది ఒంటినిండా ఉన్న నల్లకోళ్ల సంగతి కూడా చెప్పాడు. ఈరోజు దుకాణాల్లో సిల్కీ పేరుతో అమ్మే కోడి వర్ణనే అది. ఓరుగల్లు రాజ్యపు వార్తా, సిల్కీ వార్తా యూరోపుకు ఒకే పుస్తకంలో చేరాయి.

ఇప్పుడు అసలు చిక్కు. కోడిని పొట్టిగా చేసేది ఏమిటి? ఒక కారణం కాదు, కొన్ని వేర్వేరు కారణాలు. పైకి ఒకేలా కనబడే రెండు పొట్టి కోళ్ల ఒంట్లో జరిగిన మార్పులు ఒకదానికొకటి ఏమాత్రం సంబంధం లేనివి కావచ్చు.

మొదటిది ఎదుగుదల హార్మోనుది. మెదడు కింది పిట్యుటరీ గ్రంథి నుంచి ఆ హార్మోను సరిగానే ఊరుతుంది, రక్తంలో తిరుగుతుంది. దాన్ని అందుకోవలసిన గ్రాహకం చెడిపోయి ఉంటుంది. కబురు వచ్చినా వినే చెవి లేదు. ఈ మరుగుజ్జుతనాన్ని 1959లో అమెరికా జన్యుశాస్త్రవేత్త హట్ వివరించాడు. మనుషుల్లో లారాన్ సిండ్రోమ్‌కు కారణం కూడా ఇదే గ్రాహకంలో వచ్చే లోపం. ఈ జన్యువు కోళ్లలో జెడ్ క్రోమోజోము మీద ఉంటుంది. పుంజుకు రెండు జెడ్‌లు, పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ. కాబట్టి పెట్టకు చెడిన జన్యువు ఒక్కటొస్తే చాలు, పొట్టిదవుతుంది. పుంజుకు రెండూ చెడినవైతేనే పొట్టితనం.

కోళ్ల పరిశ్రమ దీన్ని తెలివిగా వాడుకుంది. బాయిలర్ పిల్లల తల్లిని పొట్టిది చేస్తే దాని మేత ఖర్చు తగ్గుతుంది. తండ్రి మామూలు పుంజు. ఆ జోడీకి పుట్టిన ఆడపిల్లలకు జెడ్ తండ్రి నుంచే వస్తుంది గనుక అవి మామూలుగా ఎదుగుతాయి. మగపిల్లలకు తండ్రి ఇచ్చిన మంచి జెడ్ అండ ఉంటుంది గనుక అవీ దాదాపు మామూలుగానే ఎదుగుతాయి. తల్లి పొట్టిది, పిల్లలు పొడుగు. ఫ్రాన్సులో ఇలాంటి తల్లికోళ్ల వంశాలు తయారుచేశారు. మనకు వనరాజా, గ్రామప్రియ కోళ్లను ఇచ్చిన హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ కూడా మరుగుజ్జు జన్యువున్న కోళ్లను, మెడ మీద ఈకలు లేని కోళ్లను ప్రత్యేకంగా కాపాడుతూ వచ్చింది.

రెండో కారణం కాళ్ల ఎముకలది. జపాన్ బాంటం అనే చాబో కోడికి ఒళ్లు నేలను తాకుతుందా అన్నంత కురచ కాళ్లు. చైనాలోని షింగ్‌యీ బాంటం కాళ్లూ అంతే. ఎముక పెరుగుదలను నడిపే ఒక జన్యువు తుడిచిపెట్టుకుపోవడం వల్ల ఇది వస్తుంది. ఒక ప్రతి పోతే కాళ్లు కురచవుతాయి. రెండు ప్రతులూ పోతే పిండం గుడ్డులోనే చనిపోతుంది. కురచకాళ్ల పుంజునూ కురచకాళ్ల పెట్టనూ జతకట్టించి, పొదగేసిన గుడ్లను అయిదారు రోజులకు చీకట్లో సెల్‌ఫోన్ లైటు మీద పెట్టి చూడండి. బతికున్న గుడ్డులో నడుమ నల్లటి చుక్క, దాని చుట్టూ ఎర్రటి నరాలు సాలెగూడులా పరుచుకుని ఉంటాయి. కొన్నిట్లో ఆ నరాలు చెదిరి, రక్తం ఒక సన్నని వలయంగా పెంకుకు అంటుకుని ఉంటుంది. అది మొదటి నాలుగు రోజుల్లోనే ఆగిపోయిన ప్రాణం. సగటున నాలుగు గుడ్లకు ఒకటి ఇలా పోతుంది, రెండింట్లో కురచకాళ్లవి, ఒకదాంట్లో పొడుగు కాళ్లది పుడతాయి. గుడ్లు మురిగాయని, పెట్ట సరిగా పొదగలేదని, దిష్టి తగిలిందని అనుకుంటారు. పాపం, పెట్ట తప్పేమీ లేదు. అనుభవమున్న పెంపకందార్లు కురచకాళ్ల పుంజుకు పొడుగుకాళ్ల పెట్టనే జోడీ కడతారు.

మూడోది మరీ ఆసక్తికరం. నెదర్లాండ్స్‌లోని పాత పొట్టి కోళ్ల జన్యువులను 2021 ప్రాంతంలో పరిశీలిస్తే కొన్నిట్లో హెచ్ఎంజీఏ2 అనే జన్యువు దగ్గర తేడా కనిపించింది. ఇదే జన్యువు తుడిచిపెట్టుకుపోతే మరుగుజ్జు కుందేలు పుడుతుంది, ఎలుకల్లోనైతే బుల్లి ఎలుక. మనుషుల ఎత్తులో తేడాలకు సంబంధమున్నట్టు మొట్టమొదట తేలిన జన్యువుల్లో కూడా ఇది ఒకటి. అదే పరిశోధనలో మరికొన్ని జాతుల పొట్టితనానికి మూలం వేరే చోట దొరికింది. ఒకే చిన్న దేశపు కోళ్లలోనే ఇన్ని దారులు!

నాలుగో దారిలో ఒక్క జన్యువు పేరు చెప్పడం కుదరదు. ప్రతి తరంలో చిన్నవాటిని ఏరి జతకట్టిస్తూ పోవడమే. 19వ శతాబ్ది మొదట్లో సర్ జాన్ సెబ్రైట్ తన పేరుతో తయారుచేసిన బాంటం ఇలాంటిదే. పుంజు సుమారు ఆరువందల గ్రాములే. ప్రతి ఈక అంచునా కాటుక గీసినట్టు నల్లటి గీత. మామూలు పుంజు మెడ మీద, నడుము మీద ఈకలు సన్నగా, కొన తేలి మెరుస్తుంటాయి, తోకలో పొడుగాటి వంపు ఈకలుంటాయి. సెబ్రైట్ పుంజుకు ఇవేవీ ఉండవు. ఒంటినిండా పెట్ట ఈకలే. 1919 ప్రాంతంలో థామస్ హంట్ మోర్గన్ ఈ పుంజుల వృషణాలు తీసేసి చూస్తే, కొత్తగా మొలిచిన ఈకలు అచ్చం పుంజు ఈకలు! పుంజు హార్మోనును పెట్ట హార్మోనుగా మార్చే ఎంజైము వాటి చర్మంలో అతిగా పనిచేస్తుండటమే కారణమని తరవాత తేలింది. ఆ జన్యువు పక్కన ఎప్పుడో ఒక వైరస్ ముక్క వచ్చి చేరి దాన్ని రెచ్చగొట్టింది. ఏరి జతకట్టించడాన్ని చివరి అంచుకు తీసుకెళ్లింది మలేషియాలోని కెలంతన్ ప్రాంతంలో రూపుదిద్దుకున్న సెరామా. అర కిలో కూడా తూగని ఈ కోడే ప్రపంచంలోకెల్లా చిన్నది.

కొలత మారితే బతుకు తీరే మారుతుంది. ఒంటి పొడవు రెట్టింపయితే రెక్క వైశాల్యం నాలుగింతలవుతుంది, బరువు మాత్రం ఎనిమిదింతలు. అందుకే అసీలు గోడ మీదికి ఎగరడానికే ఆయాసపడుతుంది, బాంటం చెట్టు చిటారుకు పోతుంది. వేడి సంగతీ అంతే. చిన్న ఒంటికి బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, వేడి త్వరగా బయటికి పోతుంది. చలిదేశాల్లో ఇది నష్టం. మే నెలలో వరంగల్ ఎండకు షెడ్లలో బాయిలర్లు నోళ్లు తెరిచి రొప్పుతుంటే, చిన్న కోడి నీడ పట్టుకుని తట్టుకోగలదు. గుడ్డు చిన్నదే, అయినా తల్లి బరువుతో పోల్చి చూస్తే ఫారం కోడి గుడ్డు కన్నా అది పెట్టేదే పెద్దది. పైగా గుడ్ల ఫారాల కోడి మరిచిపోయిన పొదిగే గుణం బాంటంలో, సిల్కీలో గట్టిగా మిగిలింది. నెమలిజాతి పక్షుల గుడ్లు పొదిగించడానికి పెంపకందార్లు వాటినే కూర్చోబెడతారు. మన నాటుకోడిలోనూ ఈ గుణం మిగిలే ఉంది, దాన్ని పోగొట్టుకోకూడదని నా గట్టి కోరిక.

ఇప్పుడు ముచ్చటపడి బాంటం జతను కొనుక్కొచ్చి పెరట్లో వదిలేవాళ్లు పెరుగుతున్నారు. ఆ పుంజు పక్కింటి నాటుపెట్టలనూ విడిచిపెట్టదు. పిల్లలు పుట్టాక వాటిని జాగ్రత్తగా చూస్తే తండ్రి పొట్టితనం ఏ రకమో ప్రయోగశాల లేకుండానే చాలావరకు చెప్పవచ్చు. ఆడపిల్లలన్నీ పొట్టిగా, మగపిల్లలన్నీ నాటుకోడి కొలతకు ఎదిగితే తండ్రి రెండు జెడ్‌ల మీదా గ్రాహకం చెడిన జన్యువే ఉంది. పిల్లల్లో సుమారు సగం, ఆడా మగా తేడా లేకుండా, కురచకాళ్లతో తిరుగుతుంటే అది చాబో మార్గం. అన్నీ తల్లికీ తండ్రికీ నడుమ కొలతలో ఆగితే హెచ్ఎంజీఏ2 వంటిదో, సెబ్రైట్‌లా తరాల తరబడి ఏరిన చిల్లర జన్యువుల మూటో. ఒక్క పొదుగు పిల్లలతో తేలకపోవచ్చు. రెండు మూడు పొదుగుల పిల్లలకు కాలికి రంగుదారం కట్టి, నాలుగో నెలలో తూకం వేసి రాసిపెట్టుకోండి. మొదటి రకం అయితే మాత్రం పైకి మామూలుగా కనిపించే ఆ మగపిల్లల్ని పందిరికింద ఉంచుకోవాలో, అమ్మేయాలో అప్పుడే నిర్ణయించుకోండి. వాటి రెండు జెడ్‌లలో ఒకటి తండ్రిదే, వచ్చే ఏడు మళ్లీ సగం పెట్టలు పొట్టివి పుడతాయి.